పదకొండో అంతస్తులో ఒక్కరు తక్కువ

సింగపూర్‌లో భూకంపాలు రావు. ఈ మాట నేను మా బ్లాక్‌లో ఎన్ని గుమ్మాల ముందు నిలబడి విన్నానో లెక్కలేదు. నిజమే, ఇక్కడ రావు. అవతల సుమత్రాలో వస్తాయి. వచ్చినప్పుడు కింద రోడ్డు మీద నడిచేవాళ్లకు ఏమీ తెలియదు. పై అంతస్తుల్లో ఉండేవాళ్లకు మాత్రం ఫ్యాను దానంతటది ఊగుతుంది, గ్లాసులో నీళ్లు కదులుతాయి. కళ్లు తిరుగుతున్నాయేమో, బీపీ పెరిగిందేమో అని మనల్ని మనమే అనుమానించుకుని మంచం మీద కూలబడతాం. మేముండేది పదకొండో అంతస్తు. మేము అన్నాను చూశారా, ఆ అలవాటు ఇంకా పోలేదు. నేనుండేది.

టాంపినీస్‌లో మా బ్లాక్ కమిటీవాళ్లు లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. బిల్డింగ్ ఊగితే ఏం చేయాలో ఒక శనివారం పొద్దున అందరి చేతా చేయించి చూస్తారట. అంతస్తుకు ఇద్దరు వాలంటీర్లు కావాలట. ఇంటింటికీ వెళ్లి జనాన్ని ఒప్పించడం వాళ్ల పని. ఆ సాయంత్రమే వెళ్లి పేరిచ్చాను. ఎంత సేవాభావమో అని ఎవరైనా అంటే కాదనలేదు గానీ, అసలు సంగతి అది కాదు. నాకు శనివారాలు గడవవు. వారమంతా చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. శుక్రవారం సాయంత్రం నోరు మూస్తే, మళ్లీ సోమవారం పొద్దున లిఫ్టులో గుడ్ మార్నింగ్ అనేటప్పుడే తెరుస్తాను. ఆ మొదటి మాట గొంతులోంచి జీరగా వస్తుంది. చేతిలో కాగితాల కట్ట ఉంటే ఏ తలుపైనా కొట్టొచ్చు, కొట్టినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. నాకు కావలసింది అంతే.

తలుపులు తెరుచుకున్నప్పుడు లోపలి నుంచి వచ్చే వాసనలు నాకు బాగా ఇష్టమయ్యాయి. ఒక ఇంట్లో తాలింపు, ఒక ఇంట్లో అగరొత్తులు, ఇంకో ఇంట్లో ఎండు రొయ్యలు వేయిస్తున్న ఘాటు. గుమ్మంలో నిలబడి టేబుల్ కిందికి ఎలా దూరాలో, అద్దాల కిటికీకి ఎందుకు దూరంగా ఉండాలో, ఊగడం ఆగాక లిఫ్టు ఎందుకు ఎక్కకూడదో చెబుతూ, వాళ్ల భుజాల మీదుగా సోఫాలు, స్కూలు బ్యాగులు, ఆరేసిన యూనిఫారాలు చూసేదాన్ని. వాలంటీర్లు దొరకని అంతస్తులకు కూడా నేనే వెళ్లేదాన్ని. ఆరో అంతస్తులో ఉండే మన తెలుగు దంపతులు శనివారం పిల్లలకు స్విమ్మింగ్ ఉందండీ అన్నారు. బ్లాక్ ఊగేటప్పుడు స్విమ్మింగ్ ఉందని చెబితే అది ఆగుతుందేమో కనుక్కోండి అన్నాను. వాళ్ల పాప వెనకనుంచి “మమ్మీ, జస్ట్ గో లా” అంది. ఫ్యాను నెత్తిన పడుతుందని ఎంత భయపెట్టినా కదలనివాళ్లు, అయిపోయాక బీహూన్ నూడుల్స్ ప్యాకెట్టు, చల్లని మైలో ఇస్తారని చెప్పగానే పేర్లు రాయించుకున్నారు. దాంతో రెండో వారం నుంచి భూకంపం సంగతి తర్వాత చెప్పి, మకాన్, అంటే తిండి సంగతి ముందు చెప్పడం మొదలుపెట్టాను.

మా అంతస్తుకు నాతోపాటు రెండో వాలంటీరు కారిడార్ ఆ చివర ఇంట్లో ఉండే హైదరాబాదీ అంకుల్. డెబ్బై దాటాయి. కొడుకు, కోడలు, ఆంటీతో ఉంటారు. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బిల్డింగులు కట్టించిన మనిషి కావడంతో ఈ డ్రిల్‌ను ఆయన అందరికంటే సీరియస్‌గా తీసుకున్నారు. ప్రతి ఇంటి కాగితం మీద ఇంట్లో ఎంతమంది, మెట్లు దిగలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని రాయించుకోవాలి. తలుపు తీయని ఇళ్ల దగ్గర అంకుల్‌కు ఒక సొంత పద్ధతి ఉండేది. గుమ్మం బయట చెప్పులు చూసేవారు. మన కారిడార్లలో ఎవరూ చెప్పులు లోపలికి తీసుకెళ్లరు కదా, చెప్పులుంటే మనిషి ఇంట్లో ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆయన పద్ధతి ఒక్కసారి కూడా తప్పలేదు. నా ఇంటి దగ్గర తప్ప.

నా గుమ్మం ముందు ఒక జత మగవాళ్ల నల్ల బూట్లు ఉండేవి. మావారివి. ఆయన వెళ్లిపోయేటప్పుడు వాటిని తీసుకెళ్లలేదు. కాగితాల మీద మేము విడిపోలేదు గానీ, ఆయన నాలుగేళ్లుగా బుకిట్ పంజాంగ్‌లో వేరే ఉంటున్నారు. ఈ దీవికి ఆ చివర అది. నేను రోజూ ఆఫీసుకి వెళ్లే డౌన్‌టౌన్ లైన్ రైలు అటు వైపు చివరిదాకా పోతే అక్కడికే చేరుతుంది. టాంపినీస్ స్టేషన్‌లో నిలబడితే ఎదుటి ప్లాట్‌ఫారం బోర్డు మీద ఆ పేరే వెలుగుతూ ఉంటుంది. రోజూ చూస్తాను. ఒక్కరోజూ ఆ వైపు రైలెక్కలేదు.

ఆడది ఒంటరిగా ఉంటే ఇక్కడ భయమేమీ లేదు. నా భయమంతా మనవాళ్ల ప్రశ్నలంటే. ఏ ఇంటికి భోజనానికి వెళ్లినా, గుడిలో కనబడినా “అన్నయ్యగారు రాలేదా?” అని మొదలవుతుంది. మొదటిసారి నీళ్లు నమిలాను. రెండోసారి జకార్తాలో ప్రాజెక్టు అని నోటికొచ్చింది చెప్పాను. ఆ ప్రాజెక్టు నాలుగేళ్లుగా నడుస్తూనే ఉంది, అంత పెద్ద ప్రాజెక్టు ఆ దేశంలోనే ఉండి ఉండదు. అడపాదడపా ఆయన వచ్చి పోతున్నట్టు కనపడాలి కదా, అందుకని బూట్లు. ఒకవారం ముందుభాగం గోడవైపు పెట్టేదాన్ని, ఒకవారం ఇటు తిప్పేదాన్ని. నెలకోసారి పాలిష్ చేసేదాన్ని. వాన పడిన రోజున, మా గుమ్మం దాకా జల్లు రాదు గనుక, చెంబుతో కాసిని నీళ్లు చిలకరించేదాన్ని. కాపురంలో ఉన్నప్పుడు ఆయన బూట్ల సంగతి ఒక్కనాడూ పట్టించుకోలేదు.

మా ఇంటి కాగితం నింపేటప్పుడు అంకుల్ పక్కనే ఉన్నారు. ఇంట్లో ఎంతమంది అన్న చోట రెండు అని రాశాను. చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు. దయచేసి ఉన్నదున్నట్టు రాయండి, ఒకరెక్కువైనా ఒకరు తక్కువైనా ఆ రోజు ప్రాణం మీదికొస్తుంది అని గుమ్మం గుమ్మానికీ చెప్పి వచ్చింది కూడా నేనే.

డ్రిల్ రోజు తెల్లవారుజామునే వాన పడి వెలిసింది. అలవాటు ప్రకారం బూట్ల మీద నీళ్లు చల్లి ఆరున్నరకే కిందికి దిగాను. బ్లాక్‌కు కాస్త దూరంగా ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టులో అందరూ చేరాలి. టేబుళ్లు వేయడం, అంతస్తులవారీగా బోర్డులు కట్టడం నా పని. అంకుల్ పైన ఉండి, హారన్ మోగే ముందు ఒకసారి మా అంతస్తంతా తిరిగి, ఇప్పుడు ఎవరింట్లో ఎంతమంది ఉన్నారో షీటు మీద రాసుకుని, అందరి వెనకా దిగిరావాలి. తొమ్మిదికి హారన్ మోగింది. జనం నైటీలతో, షార్టులతో, చంకలో పిల్లలతో మెట్లు దిగి వస్తుంటే చూడముచ్చటేసింది. నేను పిలిస్తే వచ్చారు వీళ్లంతా అనుకున్నాను.

ఒక్కో అంతస్తు లెక్క పూర్తవుతోంది. కమిటీ పెద్ద, రిటైరైన చైనీస్ టీచర్ ఆంటీ, మైకులో చెబుతూ టిక్కులు పెట్టుకుంటోంది. మా అంతస్తు నుంచి నాతో కలిపి పద్దెనిమిది మంది రావాలి. పదిహేడు మందే ఉన్నారు. రెండుసార్లు లెక్కపెట్టాను. అప్పుడు అంకుల్ షీటులో మా ఇంటి గడి చూశాను. ఇద్దరు, ఒకరు లోపల అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. 

“మీ సార్ రాత్రి వచ్చినట్టున్నరు గదా బేటా,” అన్నారు అంకుల్. “బూట్లు తడిసి ఉన్నయి. పండుకున్నరేమో, హారన్ వింటే లేస్తరులే అని నేను తలుపు కొట్టలే.”

ఆ క్షణాన చెప్పేయాల్సింది. నాలుగు మాటలు చాలు. నా వెనక ఆరో అంతస్తు తెలుగావిడ నిలబడి ఉంది, ఆమె చెవులు నావైపే ఉన్నట్టు అనిపించింది. బాగా అలిసిపోయి వచ్చారు అంకుల్, ఆయన సంగతి వదిలేయండి, లేపినా లేవరు అన్నాను. నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం, తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

వదిలేసేదానికైతే ఇంత హంగామా ఎందుకు బేటా అని, ఆయన వెనక్కి తిరిగి బ్లాక్ వైపు నడిచారు. డ్రిల్ అయ్యేదాకా లిఫ్టులు వాడకూడదు. ఆ రూలు ఇంటింటికీ చెప్పినవాళ్లలో ఆయనా ఒకరు. మెట్ల తలుపు ఆయన వెనక మూసుకుంది.

ఆయన తలుపు కొట్టి, ఎవరూ తీయకపోతే విసుక్కుని దిగొచ్చేస్తారులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మిగతా అంతస్తులన్నీ అయిపోయాయి. కోర్టులో అందరూ మా బోర్డు వైపు చూస్తున్నారు. ఎండ ముదురుతోంది, పిల్లలు మైలో ఎప్పుడిస్తారని గోల చేస్తున్నారు. అంకుల్ భార్య, ఆంటీ, నా పక్కకి వచ్చి నిలబడింది. పైకి చూస్తూ, ఎవరితో అనకుండా తనలో తను అన్నట్టుగా, మోకాలికి ఆపరేషన్ చెయ్యాలన్నడు డాక్టరు, మెట్లెక్కొద్దని కూడా చెప్పిండు, ఈయన వింటేగా అంది. ఆమె చేతిలో తస్బీహ్ పూసలు గబగబా కదులుతున్నాయి.

పరుగెత్తాను. ఐదో అంతస్తుకే నాకు ఊపిరి ఆడలేదు. నలభై ఆరేళ్లదాన్ని, నాకే ఇలా ఉంటే ఆయనకెలా ఉంటుందో అనుకుంటూ కమ్మీ పట్టుకుని ఎక్కాను. తొమ్మిదో అంతస్తు దగ్గర ఆయన గొంతు వినపడింది. మా ఇనుప గేటును అరచేత్తో కొడుతున్నారు.

“సార్, ఒక్కసారి లేవండి సార్. ఏం భయం లేదు, ఊరికే డ్రిల్. అందరు మీ కోసమే చూస్తున్నరు.”

కాసేపు ఆగి మళ్లీ కొట్టారు. మళ్లీ పిలిచారు. నాలుగేళ్లలో మా ఇంటి తలుపు అంతసేపు ఎవరూ కొట్టలేదు. లోపల నిజంగానే ఒక మనిషి ఉండి, లేచి, కళ్లు నులుముకుంటూ తలుపు తీస్తే ఎంత బావుండునని మెట్ల మీద నిలబడి ఒక పిచ్చి క్షణం అనుకున్నాను. అది మావారి మీద ప్రేమ కాదు. ఎవరో ఒకరు ఉంటే చాలనిపించింది.

పైకి వెళ్లేసరికి అంకుల్ ఒక చెయ్యి గోడకు ఆనించి నిలబడి ఉన్నారు. చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. పెదవుల్లో రంగు లేదు.

“అంకుల్, కొట్టకండి. లోపల ఎవరూ లేరు. నేనొక్కదాన్నే ఉంటున్నాను, నాలుగేళ్లుగా.”

ఆయన నావైపు చూశారు. బూట్ల వైపు చూశారు. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం అలాగే ఉండిపోయింది. తాళం తీసి లోపలికి రమ్మన్నాను. కుర్చీలో కూలబడ్డారు. మంచినీళ్లిస్తే సగం తాగి సగం షర్టు మీద పోసుకున్నారు. మరి సార్ జకార్తాలోనా అని అడిగారు. కాదండీ, బుకిట్ పంజాంగ్‌లో అన్నాను. జకార్తా కూడా కాదా అన్నారు. ఆ ఒక్కటైనా నిజమై ఉంటే ఆయనకు కాస్త ఊరటగా ఉండేదేమో.

ఆయన నన్ను ఓదారుస్తారనుకున్నాను. పెద్దమనిషి, పాపం అంటారనుకున్నాను. అనలేదు. నీళ్ల గ్లాసు టేబుల్ మీద పెట్టి, గొంతు పెంచకుండానే తిట్టారు.

“ఇంకోసారి కొట్టి, తీయకపోతే ఫైర్ వాళ్లను పిలుద్దామనుకున్న. నిజంగ బిల్డింగ్ ఊగిన రోజైతే పిలుస్తుంటి గదా. లేని మనిషి కోసం వాళ్లు లోపలికి పోతే, ఉన్నదానివి నువ్వు, నీ కోసం ఎవరు వస్తరు బేటా? రెండని తప్పు రాస్తే నీ ఇంటి లెక్క ఇంక ఎవరు నమ్ముతరు? నిన్ను నువ్వే లెక్కల నుంచి తీసేసుకున్నవ్.”

తల కొట్టేసినట్టయింది. ఆయన మోకాలు పట్టుకుని లేచి, ఈ సంగతి నేను కింద చెప్పను, నువ్వే చెప్పాలె అన్నారు. ఇద్దరం మెట్లు దిగడం మొదలుపెట్టాం. ప్రతి మలుపులోనూ ఆయన ఆగారు. నేను చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.

కోర్టులో అందరి ఎదుటా కమిటీ ఆంటీ దగ్గరికి వెళ్లి, మా ఇంట్లో ఉండేది ఇద్దరు కాదు, నేనొక్కదాన్నే, కాగితం మీద తప్పు రాశాను అని చెప్పాను. నాలుగేళ్లు కాపలా కాసిన మాట అది. ఆమె తలెత్తకుండానే “సో, వన్?” అని అడిగి, రెండు కొట్టేసి ఒకటి వేసుకుని, మైకులో అందరూ క్షేమం అని ప్రకటించింది. జనం చప్పట్లు కొట్టి బీహూన్ ప్యాకెట్ల వైపు పరుగెత్తారు. ఆకాశం విరిగి మీద పడుతుందనుకున్నాను, ఎవరూ తిరిగి కూడా చూడలేదు. ఆరో అంతస్తు ఆవిడ మాత్రం నా ప్యాకెట్టు తెచ్చి చేతిలో పెట్టి వెళ్లింది. సాయంత్రానికి మన తెలుగువాళ్ల వాట్సాప్‌లన్నిట్లో టాంటాం అయ్యే ఉంటుంది. కానీ ఆ తర్వాత అన్నయ్యగారి గురించి ఎవరూ అడగలేదు. నా గురించి కూడా అడగలేదు.

ఆ రోజే బూట్లు సంచిలో వేసి పాత బట్టలు తీసుకునే డబ్బాలో పడేశాను. నిజం చెప్పాక మనసు తేలికవుతుందని అంటారు. నాకు కాలేదు. అబద్ధమైనా సరే, వాటికి నీళ్లు చల్లడం, తిప్పి పెట్టడం ఇంట్లో ఇంకొకరి పని చేస్తున్నట్టే ఉండేది. ఇప్పుడు ఇంటికి వచ్చి తాళం తీస్తే నా పనులే ఉంటాయి, అవి పది నిమిషాల్లో అయిపోతాయి. ఆ తర్వాతి వారాల్లో ఉన్నంత ఒంటరిగా నేను ఆయన వెళ్లిపోయిన కొత్తలో కూడా లేను.

అంకుల్ మోకాలు వాచి నెల రోజులు కర్ర పట్టుకుని నడిచారు. కారిడార్‌లో ఎదురైతే తల ఊపేవారు, మాట్లాడేవారు కాదు. ఒకసారి పళ్లు పట్టుకెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. ఆంటీ లోపలికి పిలిచి చాయ్ ఇచ్చింది. ఆయన పేపర్ చదువుకుంటూ ఉండిపోయారు. వచ్చేటప్పుడు మాత్రం నా ఫోన్ నంబరు అడిగి రాసుకున్నారు. చెప్పులు చూసి లెక్కపెట్టుడు మానేసిన, ఇంటింటి నంబర్లు తీసుకుంటున్న అన్నారు. అందరి దగ్గరా తీసుకుంటున్నారు కాబట్టి దాన్ని నేను ప్రత్యేకంగా ఏమీ అనుకోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఒక మామూలు పనిరోజున, భోజనాలయ్యాక ఆఫీసులో ఏదో రిపోర్టు సరిచేస్తున్నాను. మాది మూడో అంతస్తు. ఎవరికీ ఏమీ తెలియలేదు, కప్పులో కాఫీ కూడా కదల్లేదు. ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఎత్తితే అవతల పిల్లల అరుపులు, ఎవరో మైకులో మాట్లాడుతున్న చప్పుడు.

“బేటా, ఎక్కడున్నవ్? బ్లాక్ మంచిగనే ఊగింది. అందరం కిందికి దిగినం, డ్యూటీకి పోయినోళ్లకు ఫోన్లు చేసిన. మన ఫ్లోర్ల ఒక్కరు తక్కువ ఉన్నరు. నువ్వే.”

ఆఫీసులో ఉన్నాను అంకుల్, పొద్దున్నే వచ్చేశాను, బాగానే ఉన్నాను అని చెప్పాను. అవతల ఆయన గట్టిగా ఊపిరి వదలడం వినపడింది. వెనకనుంచి ఆంటీ ఏదో అడుగుతోంది. ఆయన ఫోన్ పక్కకు తీసి, కోర్టులో అందరికీ వినపడేలా చెప్పారు.

“దొరికింది, దొరికింది. ఆఫీసుల ఉందంట.”

ఫోన్ కట్ అయింది. నా చుట్టూ అందరూ ఎవరి స్క్రీన్ వాళ్లు చూసుకుంటున్నారు. నేను కనపడటం లేదని ఒక మనిషి కంగారుపడి ఎన్నేళ్లయిందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను, గుర్తు రాలేదు. ఫోన్ అలాగే చెవికి ఆనించుకుని, అవతల ఎవరూ లేకపోయినా, ఉన్నానండీ, ఇక్కడే ఉన్నాను అని మెల్లగా అన్నాను.